పిల్లల చేతికి పని నేర్పడం
(సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల తల్లిదండ్రులకు కొన్ని మాటలు)

సెరిబ్రల్ పాల్సీ కండరాల జబ్బు అని చాలామంది అనుకుంటారు. కాదు. పుట్టకముందో, పుట్టేటప్పుడో, పుట్టిన కొత్తలోనో మెదడుకు తగిలిన దెబ్బ అది. ఆ దెబ్బ పెరగదు గాని, కదలికల మీద దాని ప్రభావం జీవితాంతం ఉంటుంది. వెయ్యి మంది శిశువులలో ఇద్దరు ముగ్గురికి వస్తుందని లెక్క. నేను డాక్టరును కాను, బి.కాం. చదివి బ్యాంకులో గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. మా చెల్లెలి మనవడికి ఈ ఇబ్బంది ఉంది. వాడితో ఆరేళ్ళుగా చెన్నైలో థెరపీకి తిరుగుతూ తెలుసుకున్నదీ, చదివినదీ చెబుతున్నాను. నడక గురించి అందరూ అడుగుతారు కనుక ఇక్కడ చేతి సంగతి మాత్రమే రాస్తాను.

ముందుగా ఒక గుర్తు. ఏడాది నిండకముందు పిల్లలకు కుడి ఎడమల వాటం తేలదు. ఆలోపే బిడ్డ ఎప్పుడూ ఒక్క చేతినే చాపుతూ, రెండోదాన్ని పిడికిలి బిగించి ఉంచితే "మావాడిది ఎడమచేతి వాటం" అని మురిసిపోకుండా డాక్టరుకు చూపించండి.

చేతి పని నేర్పేది ఆక్యుపేషనల్ థెరపీ. "ఇంత చిన్నపిల్లకు ఉద్యోగమెందుకండీ?" అని ఒక పెద్దావిడ నన్నడిగారు. ఆ మాటకు ఇక్కడ రోజువారీ పని అని అర్థం. అన్నం తినడం, గుండీ పెట్టుకోవడం, పెన్సిల్ పట్టుకోవడం అన్నీ అందులోకే వస్తాయి. మన దేశంలో దీనికి మొదటి శిక్షణ పాఠశాలను 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో కమలా నింబ్కర్ గారు ప్రారంభించారు. ప్లస్ టూలో బయాలజీ చదివే మన విద్యార్థులు బి.ఓ.టి. కోర్సు గురించి కూడా ఆలోచించాలి. మంచి థెరపిస్టు దొరకడం ఎంత కష్టమో తిరిగిన మాకు తెలుసు.

అసలు విషయానికి వస్తాను. నూనె రాసి మర్దన చేస్తే, వేళ్ళు పట్టి మనమే చాపితే చెయ్యి బాగుపడుతుందని ఇళ్ళలో నమ్మకం. మర్దన హాయినిస్తుంది, పని నేర్పదు. గత ఇరవై ముప్ఫై ఏళ్ళ పరిశోధనలు తేల్చినదేమిటంటే, తనకు కావలసిన పనిని బిడ్డ తానే మళ్ళీ మళ్ళీ చేస్తేనే మెదడు ఆ పని నేర్చుకుంటుంది. ఒక పని పట్టుబడడానికి సుమారు 14 నుంచి 25 గంటల సాధన కావాలని 2020లో వచ్చిన ఒక సమీక్ష చెప్పింది. రోజుకు అరగంట చొప్పున 25 గంటలంటే 50 రోజులు. రికరింగ్ డిపాజిట్ లాగా కంతు తప్పకుండా కట్టాలి. వారానికి రెండుసార్లు థెరపీకి వెళ్ళి వచ్చినంత మాత్రాన ఇది జరగదు, మిగిలినదంతా ఇంట్లోనే.

ఒక పక్క చెయ్యి మాత్రమే బలహీనంగా ఉన్న పిల్లలకు రెండు పద్ధతులున్నాయి. మంచి చేతికి కొన్ని వారాలపాటు రోజూ కొన్ని గంటలు తొడుగు వేసి, బలహీనమైన చేతిచేత పని చేయించడం ఒకటి. రెండు చేతులూ కావలసిన పనులే ఇవ్వడం మరొకటి. సాధన గంటలు సమానమైతే ఫలితాలూ ఇంచుమించు సమానమే. తొడుగు పద్ధతి థెరపిస్టు చెప్పకుండా మొదలుపెట్టకండి. రెండు చేతుల పనులకు మన ఇళ్ళలో కొదవ లేదు. అరటిపండు ఒలవడం, టిఫిన్ డబ్బా మూత తీయడం, బఠాణీలు ఒలవడం చాలు. చాలామంది పిల్లలకు పట్టుకోవడం కన్నా వదలడం కష్టం. అందుకు హుండీలో నాణేలు వేయించడం మంచి సాధన. పెద్ద బిళ్ళలతో మొదలుపెట్టి చిన్నవాటికి రావాలి.

కూర్చోబెట్టే తీరు కూడా ముఖ్యం. నడుము నిలవని బిడ్డ పడిపోకుండా ఉండడానికే చేతులు వాడుకుంటాడు, ఇక పనికి చెయ్యి ఎక్కడిది? పాదాలు నేలకో పీటకో ఆనాలి, బల్ల మోచేతి ఎత్తులో ఉండాలి. కంచం కింద తడిగుడ్డ వేస్తే జారదు. స్పూను పిడికి గుడ్డ చుట్టి లావు చేస్తే పట్టు దొరుకుతుంది.

మా ఇంట్లో గొడవ ఇడ్లీ దగ్గర వచ్చింది. వాడు తానే తింటే నలభై నిమిషాలు, స్కూలు వ్యాను ఏడున్నరకు. వాళ్ళమ్మ కన్నీళ్ళు పెట్టుకుని తానే తినిపించేది. థెరపిస్టు ఆమెను తప్పుపట్టలేదు. "పొద్దున మీరే పెట్టండి, సాయంత్రం టిఫిను మాత్రం వాడే తినాలి, మీరు చెయ్యి పెట్టవద్దు" అన్నారు. మొదటి వారం తిన్నదానికంటే నేలపాలైనదే ఎక్కువ. ఇప్పుడు వాడు సాయంత్రం ఎవరినీ దగ్గరికి రానివ్వడు.

చెన్నైలో 1985 నుంచి పనిచేస్తున్న కొట్టూర్‌పురంలోని విద్యాసాగర్, ముట్టుకాడులో 2005లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ నీప్మెడ్, కె.కె.నగర్ ప్రభుత్వ పునరావాస వైద్య సంస్థ ఉన్నాయి. నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష రూపాయల వరకు రక్షణ ఉంటుంది, థెరపీ ఖర్చు కూడా అందులో వస్తుంది.

ఎంత సాధన చేసినా కొందరికి వేగంగా రాయడం రాదు. అందుకోసం చదువు ఆపకండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం పరీక్షలో లేఖకుడికీ, అదనపు సమయానికీ వీలు కల్పించింది. 40 శాతం వైకల్యం లేదని లేఖకుణ్ణి నిరాకరించరాదని 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. ఈ కాగితాలు జూన్‌లోనే స్కూలుకు ఇవ్వండి.

ఇక స్కాలర్‌షిప్ డబ్బు పడడానికి ఖాతా కావాలి కదా. సంతకం కుదరనివారు వేలిముద్ర, అదీ కుదరకపోతే కాలివేలి ముద్ర వేయవచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన. ఇద్దరు సాక్షులు కావాలి, అందులో ఒకరు బ్యాంకు అధికారి. కౌంటరులో "కుదరదు" అంటే మేనేజరు గారిని అడగండి.