మంత్రసాని, ఖాబిలా, మిడ్‌వైఫ్ – ప్రసూతి సేవపై ఒక పరిశీలన

ఒక వృత్తికి ప్రజలు పెట్టుకొన్న పేరును బట్టి, ఆ వృత్తిని వారు ఏ దృష్టితో చూచినారో కొంతవరకు గ్రహింపవచ్చును. కాన్పు చేసే స్త్రీని తెలుగులో మంత్రసాని అంటాము. ఉర్దూ మాట్లాడే ఇండ్లలో దాయీ అంటారు. అరబ్బీలో ఆమె పేరు ఖాబిలా, అనగా అందుకొనునది, స్వీకరించునది. (ఈ మొదటి అక్షరం అరబ్బీలో గొంతు లోతున పలికే ‘ఖాఫ్’ అనీ, దక్కనీ వారి నోట అది ‘ఖ’గా మారినదనీ మన ఉర్దూ విభాగం విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు.) ఇక ఇంగ్లీషు మాట మిడ్‌వైఫ్‌లో ‘మిడ్’ అంటే పూర్వపు భాషలో తోడుగా అని, ‘వైఫ్’ అంటే స్త్రీ అని అర్థం. ఒక పేరులో అందుకోవడం ఉన్నది, మరొక పేరులో తోడుండటం ఉన్నది. బిడ్డను బయటికి లాగునది అన్న భావం ఈ రెండింటిలో దేనిలోనూ లేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినదంతా ఈ ఒక్క సంగతి చుట్టూ తిరుగుతుంది.

ట్యునిస్ నగరంలో 1332లో జన్మించిన చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్, 1377లో రచించిన ‘ముఖద్దిమా’లో వ్యవసాయం, వడ్రంగం, నేత మొదలైన వృత్తులను వివరిస్తూ ప్రసూతి విద్యకు ప్రత్యేకంగా ఒక ప్రకరణం కేటాయించినాడు. రాజ్యాల ఉత్థాన పతనాలను విచారించిన పండితుడు పురిటిగది వరకు వెళ్లడం మనకు వింతగా తోచవచ్చును. ఆయనకు అది వింత కాలేదు. వైద్యం, లేఖనం వంటి గౌరవప్రదమైన విద్యల సరసన దీనిని నిలిపినాడు. ప్రసవించే తల్లి బిడ్డను ఇస్తుంది, ఈమె అందుకొంటుంది కనుక ఖాబిలా అన్న పేరు వచ్చినదని ఆయన వివరణ. నొప్పులు పడే స్త్రీ వీపును, నడుమును మర్దించి గర్భాశయపు శ్రమకు సాయపడటం, మాయ వెలువడేటట్లు చూడటం, మెత్తని ఎముకల పసిబిడ్డ అవయవాలను సవరించడం మొదలైన పనులను వరుసగా చెప్పినాడు. పాలు మానే వరకు శిశువుకు కలిగే రుగ్మతల విషయంలో ఆరితేరిన వైద్యునికంటె ఈ స్త్రీలకే ఎక్కువ తెలుసునని కూడా ఒప్పుకొన్నాడు.

మన దేశపు గ్రంథాలలో సైతం ఇటువంటి వివేకమే కనబడుతున్నది. చరక సంహిత శారీర స్థానంలో ఒక చక్కని చర్చ ఉన్నది. నొప్పులు మొదలైన స్త్రీ చేత రోకలి పట్టించి ధాన్యం దంపించవలెనని కొందరి మతం. ఆత్రేయుడు దీనిని అంగీకరించలేదు. గర్భిణికి కఠిన శ్రమ ఎన్నడూ తగదు, అందులోనూ ఆ సమయంలో రోకలి పోట్లు ప్రాణానికే ముప్పు కాగలవు, కనుక ఆమెను ఆవులించనిమ్మనీ అటు ఇటు నడవనిమ్మనీ ఆయన నిర్ణయం. నొప్పి రానప్పుడు ముక్కరాదనీ, ముక్కినందువలన ప్రయోజనం లేకపోగా హాని కలుగుననీ అదే అధ్యాయం హెచ్చరిస్తున్నది. పలుమార్లు కన్న అనుభవమూ, ఆప్యాయతా గల స్త్రీలు చుట్టూ ఉండవలెనని చరకుడు చెప్పగా, నమ్మకస్తులైన నలుగురు వృద్ధ స్త్రీలు గోళ్లు తీసుకొని సిద్ధంగా ఉండవలెనని సుశ్రుతుడు చెప్పినాడు. గోళ్ల మాట చిన్నదిగా కనబడుతుంది కాని చిన్నది కాదు.

ఈనాటి శాస్త్రం ఏమంటున్నదో చూతము. ప్రసవపు మొదటి దశలో గర్భాశయం ఉండి ఉండి బిగుసుకొంటూ, దాని ముఖద్వారం క్రమంగా 10 సెంటీమీటర్ల వరకు తెరుచుకొంటుంది. ఈ బిగువుకు కారణం ఆక్సిటోసిన్ అనే స్రావకం. భయపడిన శరీరంలో అడ్రినలిన్ పెరుగుతుంది, అది ఈ పనికి అడ్డు తగులుతుంది. ఆంగ్ల వైద్యుడు గ్రాంట్లీ డిక్ రీడ్ 1933లోనే ఒక గ్రంథం వ్రాసి, భయం వలన కండరాలు బిగియడం, ఆ బిగువు వలన నొప్పి హెచ్చడం అనే వలయాన్ని వివరించినాడు. వెల్లకిల పడుకొన్నప్పుడు నిండు గర్భం బరువు గుండెకు రక్తాన్ని తీసుకొనిపోయే పెద్ద సిర మీద పడుతుంది. నడుస్తున్నా, కూర్చున్నా, మోకాళ్ల మీద వంగినా ఆ ఒత్తిడి ఉండదు, బిడ్డ దిగడానికి భూమ్యాకర్షణ కూడా తోడవుతుంది. ఆత్రేయుని మాటకు ఇదే కారణమని నేననను. అనుభవం ముందుగా కనుగొన్నదానికి శాస్త్రం తరువాత కారణం చూపినదని మాత్రం అనవచ్చును.

గంటకు ఒక సెంటీమీటరు చొప్పున ద్వారం తెరుచుకొని తీరవలెనన్న పాత లెక్కను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ప్రక్కన పెట్టింది. 5 సెంటీమీటర్ల నుండి మాత్రమే నొప్పులు ఊపందుకొన్నట్లు భావించవలెననీ, తొలిచూలు స్త్రీకి అక్కడినుండి 12 గంటల వరకు పట్టడం సహజమేననీ చెప్పింది. అయితే వేచి ఉండటమంటే చేతులు ముడుచుకొని కూర్చోవడం కాదు. మొదటి దశలో 15 నుండి 30 నిమిషాలకొకసారి, బిడ్డ దిగే దశలో 5 నిమిషాలకొకసారి శిశువు గుండె చప్పుడు వినవలె. అది నిమిషానికి 110కి తగ్గకుండా, 160కి మించకుండా ఉండవలె. తల్లి రక్తపోటు చూడవలె, త్రాగడానికి నీళ్లు, తినడానికి తేలికపాటి ఆహారం ఇవ్వవలె, నడుము నిమరవలె. తల కనబడినప్పుడు తొందరపెట్టక చేతితో ఆనిక ఇవ్వవలె. అందరికీ అలవాటుగా కోత పెట్టి కుట్లు వేయడం అనవసరమని తేలినది. పుట్టిన బిడ్డను తల్లి రొమ్ముపై ఉంచి, ఒక నిమిషమైనా ఆగి బొడ్డు కోయవలె. తల్లికి అధిక రక్తస్రావం కాకుండా ఆక్సిటోసిన్ 10 యూనిట్లు ఇవ్వవలె. ఎంత తక్కువగా చేయవలెనో తెలియడానికి ఎంతో నేర్వవలసి ఉన్నది.

తోడు విషయం కొంత నిలిచి చెప్పవలసినది. 17 దేశాలలో 15 వేలకు మించిన స్త్రీలపై జరిగిన ప్రయోగాలను 2017లో ఒకచోట చేర్చి చూడగా, నొప్పులు పడుతున్నంతసేపూ ఒక మనిషి విడువకుండా ప్రక్కనున్న స్త్రీలకు సహజంగా ప్రసవించే అవకాశం హెచ్చినట్లు, నొప్పుల కాలం తగ్గినట్లు, శస్త్రచికిత్సలు తగ్గినట్లు తేలినది. పవిత్ర ఖుర్‌ఆన్ మర్యమ్ సూరాలో, నొప్పులకు తాళలేక ఖర్జూరపు మ్రాను చెంతకు చేరిన హజ్రత్ మర్యమ్ ఒంటరితనం మనకందరికీ తెలిసినదే. ఇంతకు ముందే చనిపోయి ఉంటే బాగుండునని ఆమె వాపోయినప్పుడు మొదట వచ్చినది దుఃఖించవద్దన్న ఓదార్పు. ఆ తరువాత నీరు, ఆ తరువాత పండ్లు. పురిటిగదిలో ఒంటరిగా విడువబడిన స్త్రీకి ఏమి కావలెనో, ఆ వరుస కూడా, అక్కడ ఉన్నది.

ఇంత చెప్పి, పాత రోజులన్నీ బంగారు రోజులని అంటే అది అసత్యమవుతుంది. మంత్రసానితనానికి ఒప్పుకొన్నాక ఏది వచ్చినా పట్టవలెనన్న సామెత ఆమె ఓర్పును ఎంత చెబుతున్నదో, ఆ పనిని మన సంఘం ఎంత హీనంగా చూచినదో కూడా అంత చెబుతున్నది. చదువు చెప్పక, చేతులు కడుక్కోవడానికి సబ్బు ఇవ్వక, ధాన్యం కొలిచి పంపివేసినాము. శుభ్రం లేని కత్తితో బొడ్డు కోసినందువలన ధనుర్వాతం సోకి ఎందరు పసివాండ్రు పోయినారో! మన దేశం నుండి ఆ పురిటి ధనుర్వాతం తొలగినట్లు ప్రకటించినది 2015లో మాత్రమే. ఈ దోషం మంత్రసానికే అంటగట్టరాదు. వియన్నా ఆసుపత్రిలో శవపరీక్ష చేసిన చేతులతో నేరుగా వచ్చే వైద్య విద్యార్థుల వార్డులో, మంత్రసానులు శిక్షణ పొందే వార్డులో కంటె బాలింతల మరణాలు చాలా ఎక్కువగా ఉండేవి. 1847లో సెమ్మెల్‌వైస్ చేతులు సున్నపు క్లోరిన్ నీళ్లతో కడిగించిన తరువాత అవి పడిపోయినవి. మన దేశంలో 2004–06 నాటికి లక్ష కాన్పులకు 254గా ఉన్న తల్లుల మరణాలు 2018–20 నాటికి 97కు దిగినవంటే, అందులో ఆసుపత్రి కాన్పులకు పెద్ద భాగమున్నది.

కాని ఒక ఆపద తగ్గుతుండగా మరొకటి పెరిగినది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రులలో జరిగినవి. మొత్తం మీద నూటికి 60.7 కోత కాన్పులు. దేశంలో ఇదే అత్యధికం. ప్రైవేటు ఆసుపత్రులలో ఈ సంఖ్య 81.5. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, దేశం మొత్తానికి 21.5. నూటికి పది దాటిన తరువాత తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గినట్లు కనబడలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పియున్నది. బిడ్డ అడ్డం తిరిగినప్పుడు, మాయ ద్వారానికి అడ్డుపడినప్పుడు కోత ప్రాణదానమే. ముహూర్తానికీ, సెలవుల సౌకర్యానికీ, నొప్పి భయానికీ చేసే కోత వేరు. మాకు ముహూర్తాల పట్టింపు లేదని మనం సంతోషించనక్కరలేదు. భయం అన్ని ఇండ్లలోనూ ఉన్నది. మొదటి కాన్పు కోత అయితే రెండవది కూడా సాధారణంగా కోతే అవుతున్నది.

ఈ స్థితిలోనే 2017లో కరీంనగర్‌లో ప్రభుత్వ నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైనది. 2018 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ ఇటువంటి సేవకు మార్గదర్శకాలు విడుదల చేసినది. ఆరోగ్యవంతురాలైన గర్భిణిని మిడ్‌వైఫ్ స్వయంగా చూచుకొనుటకు, తేడా కనబడగానే వైద్యురాలికి అప్పగించుటకు అందులో ఏర్పాటున్నది. ఖాబిలా తిరిగి వచ్చినది, ఈసారి సబ్బుతో, గడియారంతో, చదువుతో.

ఇక్కడ మన కళాశాల సంగతి ఒకటి. గోషా స్త్రీలు పురుష వైద్యుల వద్దకు వెళ్లలేక ప్రాణాలు పోగొట్టుకొంటున్నారనే కదా 1885లో మద్రాసులో వారి కొరకు ప్రత్యేక ఆసుపత్రి వెలసినది. హైదరాబాదులో ప్రసూతి ఆసుపత్రిని నేటికీ జనం జజ్జిఖానా అంటారు. జచ్చా అంటే బాలింత అన్న మన ఉర్దూ మాటే అది. మన ఇండ్లలో కాన్పుకు స్త్రీయే కావలెనని అందరమూ అడుగుతాము. ఆ పని నేర్వడానికి మన ఆడపిల్లలను పంపమంటే మాత్రం నర్సు ఉద్యోగమా అని ముఖం చిట్లిస్తాము. సైన్సు కాక వేరే గ్రూపుతో ఇంటర్మీడియట్ చదివినవారు కూడా జి.ఎన్.ఎం. నర్సింగ్ కోర్సులో చేరవచ్చును. అది ముగించి, కాన్పుల గదిలో అనుభవం గడించిన తరువాత మిడ్‌వైఫరీ శిక్షణకు పోవచ్చును. ఈ విషయం మన విద్యార్థినులలో పలువురికి తెలియదని తరగతిలో అడిగినప్పుడు తెలిసినది. వచ్చే విద్యా సంవత్సరంలో జిల్లా ఆసుపత్రి నుండి ఇటువంటి శిక్షణ పొందిన ఒక సోదరిని పిలిపించి, తల్లులను కూడా ఆహ్వానించి, ఒక మధ్యాహ్నం సభ జరిపించవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలను వినయపూర్వకంగా కోరుతున్నాను.