ఒక కంప్యూటరు – ఇద్దరు యజమానులు

ఒక పెద్ద ఇంట్లో నాలుగు వాటాలున్నాయనుకోండి. ఎవరి వంటిల్లు వారిది, ఎవరి తాళం వారిది. కాని నీళ్ళకూ కరెంటుకూ అందరూ అడగవలసింది ఒక్క యజమానినే.

కంప్యూటరులో 'కంటెయినరు' ఇలాంటి వాటాయే. ఒక ప్రోగ్రామునూ, దానికి కావలసిన ఫైళ్ళనూ మూటకట్టి అందులో ఉంచుతారు. 2013లో డాకర్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చాక ఈ పద్ధతి బాగా వ్యాపించింది. ఒక కంప్యూటరులో నడిచిన ప్రోగ్రాము మరొకదానిలో మొరాయించే చిక్కు దీనితో చాలావరకు తీరింది.

అయితే ఆ మూటలో లేనిది ఒకటుంది. అదే యజమాని, అంటే కెర్నెల్. మెమరీని పంచడం, డిస్కు మీద రాయడం దాని పనులు. ప్రోగ్రాములు దానిని అంకెలతో అడుగుతాయి. ఇంటెల్ రకపు 64 బిట్ల కంప్యూటరులో లినక్స్ కెర్నెల్‌కు 0 అంటే 'చదువు', 1 అంటే 'రాయి'. విండోస్ కెర్నెల్‌కు ఈ సంకేతాలు తెలియవు. మరి విండోస్ కంప్యూటరులో లినక్స్ కంటెయినరు నడిచేదెలా?

ఒక దారి, మధ్యలో దుబాసీని పెట్టడం. 2016లో మైక్రోసాఫ్ట్ ఈ పనే చేసింది. లినక్స్ కోరికలను విండోస్ భాషలోకి మార్చే ఏర్పాటు అది. కాని కంటెయినరును కట్టే గోడలు కూడా కెర్నెలే కట్టాలి గదా! అంత పని దుబాసీ వల్ల కాలేదు.

రెండవ దారి, పెరట్లో చిన్న ఇల్లు కట్టి లినక్స్ యజమానినే కాపురం పెట్టడం. 2019లో ప్రకటించిన రెండవ ఏర్పాటు ఇదే. విండోస్ లోపల ఒక 'మిథ్యా కంప్యూటరు', దానిలో అసలైన లినక్స్ కెర్నెల్! కంటెయినర్లన్నీ దాని కిందనే నడుస్తాయి.

సౌకర్యం ఊరికే రాదు. ఉన్న మెమరీనే రెండిళ్ళూ పంచుకోవాలి. విండోస్ వైపున్న ఫైళ్ళను లినక్స్ వైపునుంచి తెరిస్తే ఆలస్యమవుతుంది. అందుకే లినక్స్ ప్రోగ్రాముల ఫైళ్ళను లినక్స్ వైపే ఉంచడం మేలు.

ఇలా కంటెయినర్లు నడిచే విండోస్ కంప్యూటరు దొరికితే ఒక పరీక్ష చేయండి. వేరు వేరు రకాల లినక్స్ కంటెయినర్లు రెండు తెరిచి, రెండింటిలోనూ 'యునేమ్ -ఆర్' అనే ఆజ్ఞను ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేయండి. అది కెర్నెల్ వెర్షన్ చెబుతుంది. రెండుచోట్లా ఒకటే జవాబు వస్తుంది. లినక్సే అయినా అందులో 'మైక్రోసాఫ్ట్' అన్న మాట కూడా కనబడుతుంది. ఎందుకో మీ స్నేహితులకు చెప్పగలరా?