అవ్వ మాట, నా మాట: నెట్ కాల్‌లో రెండూ రికార్డు చేయడం ఎలా?

ఈ ఏడు మన ప్రాజెక్టు పని, ఇంటి పెద్దల దగ్గర సేద్యం మాటలు సేకరించడం. మా అవ్వ ఉండేది డెంకణికోట పక్క పల్లెలో, నేను ఉండేది హాస్టల్లో. సెలవుల దాకా ఆగకుండా కంప్యూటర్‌లో నెట్ కాల్ చేసి అడిగినాను. నలభై నిమిషాల మాట. ముగించి వింటే అంతా నా గొంతే! ప్రశ్నలున్నాయి, జవాబు ఒక్కటీ లేదు.

రెండోసారి వేరే పద్ధతి పెడితే ఈసారి అవ్వ గొంతు మాత్రమే వచ్చింది. అందులో ఒకచోట అవ్వ అంటుంది: "మొదటిదేనమ్మా. రెండోది మేము అనం." ఏది మొదటిది? ఎద్దులతో బావి నీళ్ళు తోడేదాన్ని కపిల అంటారా, మోట అంటారా అని అడిగినట్టు గుర్తు. ఏది ముందు అడిగినానో గుర్తు లేదు. పదం చేతికి వచ్చినట్టే వచ్చి పోయింది. పద సేకరణలో ప్రశ్న కూడా సగం సమాచారం. అందుకే ఈ పాఠం.

ఎందుకు ఒక పక్కే వస్తుంది?

కాల్ జరిగేటప్పుడు కంప్యూటర్‌లో ధ్వని రెండు దారుల్లో నడుస్తుంది. నా గొంతు మైకు గుండా లోపలికి పోతుంది. అవ్వ గొంతు నెట్ గుండా వచ్చి స్పీకరుకో హెడ్‌ఫోనుకో పోతుంది. మామూలు రికార్డింగ్ ప్రోగ్రాం మైకు దారిని మాత్రమే వింటుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే అవ్వ గొంతు దానికి అందదు. స్పీకరులో పెడితే అందుతుంది గాని దూరంగా, గదిలోని ఫ్యాన్ చప్పుడుతో కలిసి వస్తుంది.

విండోస్‌లో ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. దాంట్లో విండోస్ వాసాపి ఎంచుకుని, లూప్‌బ్యాక్ అని ఉన్న పరికరాన్ని పెడితే స్పీకరుకు పోయే ధ్వని రికార్డవుతుంది. కానీ ఆడాసిటీ ఒకసారికి ఒక్క పరికరం నుంచే తీసుకుంటుంది. కాబట్టి ఈసారి నా ప్రశ్నలు పోయినాయి.

రెండూ కావాలంటే

ఓబీఎస్ స్టూడియో అనే మరో ఉచిత ప్రోగ్రాం రెండు దారుల్నీ ఒకేసారి తీసుకుంటుంది. విండోస్ కంప్యూటర్‌లో ఇట్లా చేయండి:

1. తెరిస్తే కింద ఆడియో మిక్సర్‌లో డెస్క్‌టాప్ ఆడియో, మైక్ అని రెండు గీతలు కనిపిస్తాయి. మొదటిది అవతలివారి గొంతు, రెండోది మీది.

2. సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్‌కు పోయి, అడ్వాన్స్‌డ్ ఎంచుకోండి. రికార్డింగ్ కింద ఆడియో ట్రాక్ 1, 2, 3 మూడింటికీ టిక్కు పెట్టండి.

3. ఎడిట్ మెనూలోని అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్‌లో, ట్రాక్ 1కి ఇద్దరినీ, 2కి మైకును మాత్రమే, 3కి డెస్క్‌టాప్ ఆడియోను మాత్రమే ఇవ్వండి.

4. ఫైలు రకం ఎంకేవీ పెట్టుకోండి. మధ్యలో కరెంటు పోయినా అంతవరకు రికార్డయింది మిగులుతుంది.

5. హెడ్‌ఫోన్ తప్పక పెట్టుకోండి. లేకపోతే అవ్వ గొంతు మళ్ళీ మీ మైకులో దూరుతుంది.

6. అసలు కాల్‌కు ముందు పది సెకన్లు పరీక్ష చేయండి. ఇద్దరూ మాట్లాడినప్పుడు రెండు గీతలూ కదలాలి.

బొమ్మ నల్లగా ఉన్నా భయపడొద్దు, మనకు కావలసింది ధ్వని. ఫైలును మామూలుగా వింటే ట్రాక్ 1 వినిపిస్తుంది. వీఎల్‌సీలో ఆడియో ట్రాక్ మార్చుకుంటే ఒక్కొక్కరి గొంతు విడిగా వస్తుంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడిన చోట, రాసుకునేటప్పుడు ఇది చాలా ఉపయోగం.

కొన్ని జాగ్రత్తలు

అన్నిటికన్నా ముందు అడగాలి. "అవ్వా, నీ మాటలు రికార్డు చేసుకుంటాను, కాలేజీలో వినిపించవచ్చా?" అని అడిగి, ఆమె ఒప్పుకోలు కూడా రికార్డులోనే ఉండేట్టు చూడండి. మాటల్లో ఇంటి గొడవలు వస్తాయి. అది తీసేయమంటే తీసేయాల్సిందే. సొంత అవ్వ అయినా సరే.

పాట పాడించేటట్టయితే, కాల్ ప్రోగ్రాంలో చప్పుళ్ళు తగ్గించే సదుపాయాన్ని అవ్వ పక్కనున్న ఫోనులో ఆపించండి. అది మనిషి మాటనే ఉంచుతుంది. సాగదీసిన రాగాన్ని, తాళాన్ని చప్పుడనుకుని మింగేస్తుంది.

నెట్‌లో వచ్చే గొంతు కుదించి పంపిన గొంతు. స, శ, చ వంటి ధ్వనుల సన్న తేడాలు అందులో చెడిపోవచ్చు. అవ్వ పలికింది తాలవ్య చకారమా, దంత్య చకారమా అని ఆ రికార్డును బట్టి తీర్పు చెప్పకండి. పదాలకు అది చాలు, ఉచ్చారణకు చాలదు. ఉచ్చారణ కావాలంటే అవ్వ పక్కన ఇంకో ఫోను పెట్టి అక్కడే రికార్డు చేయించండి. మొదట్లో ఒక చప్పట్లు కొట్టిస్తే తర్వాత రెండు రికార్డుల్నీ ఆ చప్పుడు దగ్గర సరిపెట్టుకోవచ్చు.

అసలు ఫైలును ఎప్పుడూ కోయొద్దు. నకలు తీసుకుని దాని మీద పని చేయండి. ఫైలు పేరులో తేదీ, ఊరు, మాట్లాడినవారి వయసు ఉంటే చాలు, ఇంటిపేరు అక్కర లేదు.

మూడోసారి ఇట్లా చేసి ఆ కపిల ప్రశ్న మళ్ళీ అడిగినాను. జవాబు వచ్చింది: కపిల. తర్వాత ఆ రికార్డును అవ్వకే వినిపించినాను. తన గొంతు విని కాసేపు నవ్వింది. ఆపైన, "తొండం సంగతి అడగనే లేదే నువ్వు" అంది. కపిల బానకు కింద ఉండే తోలుగొట్టం పేరది. ఆ పదం నా ప్రశ్నల పట్టీలో లేదు. కాబట్టి రికార్డు చేయడంతో పని ముగిసిందనుకోకండి. ఇంకోసారి ఫోన్ చేసి వినిపించండి. అప్పుడు కూడా రికార్డింగ్ పెట్టడం మరవకండి.