పాదముల కీళ్ళనొప్పులు - చీనావైద్యము - ఇంటిజాగ్రత్తలు

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములు 2022 ఏప్రిల్ వరకు కృష్ణాజిల్లాలోని మెట్టభాగము. ఇప్పుడవి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరియున్నవి. ప్రత్తి తీయుట, మిరపకాయ కోయుట ఇచ్చటి స్త్రీలకు ముఖ్యమైన కూలిపనులు. దినమంతయు కాళ్ళపై నిలిచి పనిచేయువారికి ఏబదియేండ్లు దాటుసరికి బొటనవ్రేలి మొదటను, చీలమండలోను నొప్పి కనిపించుట వింతకాదు. ప్రాణము తీయు జబ్బు కాదు గనుక ఇంటివారు దానిని పట్టించుకొనరు. కాని ఆ నొప్పి నణచుటకు మ్రింగు మందులు ఒక్కొక్కప్పుడు నొప్పికంటె ఎక్కువ కీడు చేయును. పంచాయతీ సభ్యుల దృష్టికి మేము తేదలచిన సంగతి ఇదియే.

కీళ్ళనొప్పులకు చీనావైద్యము మంచిదని పలువురు చెప్పుచుందురు. అందులో మేలెంత, కీడెంత? గాలి, చలి, తేమ కలిసి శరీరములో చొరబడి కీళ్ళను పట్టునని చీనావారి ప్రాచీన వైద్యగ్రంథము చెప్పుచున్నది. కీళ్ళనొప్పిని వాతమనుచు వచ్చిన మనవారికి ఈ మాట క్రొత్తగా తోచదు. వారి చికిత్సలలో ఒకటి సన్నని సూదులను చర్మములో గ్రుచ్చుట. రెండవది, ఎండిన ఆకును దూదివలె నలిపి అంటించి, కీలునకు దగ్గరగా సెగ చూపుట. ఆ ఆకు మన వినాయకచవితి పూజలోని మాచిపత్రి జాతిదే. 1938లో డాక్టరు కోట్నీసుతో పాటు చీనాకు వెళ్ళిన భారత వైద్యబృందములోని డాక్టరు బిజయకుమార్ బసు, 1950 దశకము చివర కలకత్తాలో సూదివైద్యమును నెలకొల్పిరి.

అమెరికాలోని కీళ్ళవైద్యుల సంఘము 2020లో సూచనలను ప్రకటించినది. మోకాలు, తుంటి కీళ్ళ అరుగుదలకు ‘తాయ్ చీ’ అను నెమ్మదియైన చీనా వ్యాయామమును అది గట్టిగా సిఫారసు చేసినది. సూదివైద్యమును మాత్రము, ఇష్టమున్నవారు ప్రయత్నింపవచ్చునన్నంత వరకే చెప్పినది. పాదముల విషయమున ఆధారములు ఇంకను స్వల్పము. కావున సూదులచే నొప్పి కొంత తగ్గవచ్చును గాని, అరిగిన కీలు తిరిగి రాదు. ప్రతిమారు క్రొత్తసూదిని వాడని వానియొద్దకు పోనేరాదు. కామెర్లు, ఎయిడ్సు వంటి రోగములు నెత్తురు ద్వారా అంటుకొనును.

అసలు భయము పొడులతోను, మాత్రలతోను. బెల్జియము దేశమున 1990 దశకము మొదట, బరువు తగ్గుటకని చీనామూలికలు సేవించిన స్త్రీలనేకులకు మూత్రపిండములు చెడిపోయినవి. ఆ మూలిక కుటుంబములోనివే మన ఈశ్వరి, గాడిదగడపాకు. నాటుమందు గదా అని వీనిని కడుపులోనికి పుచ్చుకొనరాదు. పేరులేని పొట్లములలో స్టెరాయిడ్లు కలుపుటయు కలదు. అట్టి మందు మూడునాళ్ళలో నడిపించును. పిమ్మట ఎముకలను గుల్లచేయును. డైక్లోఫెనాక్ వంటి నొప్పిబిళ్ళలను నెలలతరబడి మ్రింగుటయు మూత్రపిండములకు చేటే. మన జిల్లాలోని ఎ.కొండూరు మండలపు తండాలలో మూత్రపిండ వ్యాధి ఎన్ని కుటుంబములను కుంగదీసినదో సభ్యులకు తెలియును.

ఇంటివద్ద చేసికొనదగినది చాల కలదు, ఖర్చు స్వల్పము. వ్రేళ్ళను నొక్కని వెడల్పు ముందుభాగము, వంగని మందపు అట్ట గల చెప్పులు ప్రధానము. అరిగిన హవాయి చెప్పులతో చేనికి పోవుటకంటె ఈ ఖర్చు మేలు. సాయంకాలము గోరువెచ్చని నీటిలో పావుగంట పాదములుంచి, తుడుచుకొని, చీలమండను ఇరువైపుల పదేసిమారులు త్రిప్పవలెను. కుర్చీలో కూర్చుండి, నేలపై పరచిన తువాలును కాలివ్రేళ్ళతో దగ్గరకు లాగుకొనుట మంచి వ్యాయామము. బరువు తగ్గినచో పాదములపై భారమును తగ్గును. మూలనుపడి కూర్చుండుట మాత్రము కూడదు, కీలు బిగిసిపోవును.

చక్కెరవ్యాధి గలవారి సంగతి వేరు. స్పర్శ తగ్గిన పాదమునకు వేడి తెలియదు. సెగ చూపినను, వాతలు పెట్టినను పుండుపడి కాలు తీసివేయు దశకు రావచ్చును. నీటి వేడిని మోచేతితోనో, ఇంట మరియొకరిచేతనో చూపించుకొనవలెను. వీరికి నొప్పిలేకయే పాదము వెచ్చబడి వాచినచో అది ఎముకలు విరుగుచున్న సూచన కావచ్చును. ఆ దినమే వైద్యునికి చూపవలెను. అర్ధరాత్రి హఠాత్తుగా బొటనవ్రేలు ఎఱ్ఱబడి వాచుట తరచుగా యూరిక్ ఆమ్లపు జబ్బు. తెల్లవారిన పిదప గంటకు మించి రెండుపాదముల కీళ్ళును బిగిసియుండుట మరియొక జబ్బు. ఈ రెంటికిని వేరువేరు మందులు కలవు, ఆలస్యమైనచో కీళ్ళు వంకరపోవును.

పంచాయతీ చేయగలది లేకపోలేదు. కూలివారు గుమిగూడు చోటను, పింఛనుకై వృద్ధులు వేచియుండు చోటను ఆనుకొను వీలుగల బల్లలు వేయింపవచ్చును. బోరింగు చుట్టును జారని చదునైన నేల నేర్పరుపవచ్చును. గ్రామమునకు పొట్లములతో ఎవరైన వచ్చినప్పుడు, అందలి మందు పేరును కాగితముపై వ్రాసియిమ్మని సభ్యుడు అడుగవలెను. వ్రాయనిచో అమ్మనీయరాదు. ఇదివరకే అట్టి పొడిని వాడుచున్నవారు దానిని హఠాత్తుగా మానరాదు. స్టెరాయిడ్ ఉన్నచో ఒక్కసారి మానుట అపాయకరము. ఆ పొట్లమును చేతబట్టుకొని నందిగామ లేక జగ్గయ్యపేట ప్రభుత్వాసుపత్రికి పోయి, మూత్రపిండముల పరీక్షయు, చక్కెర పరీక్షయు చేయించుకొనవలెను.