అంతర్జాల యుగంలో కళాశాల గ్రంథాలయం: బంగారు గనుల పట్టణం చెప్పే పాఠం

1965లో కోలారు బంగారు గనులలోని ఛాంపియన్ రీఫ్ గనిలో, నేలమట్టానికి సుమారు 2.3 కిలోమీటర్ల దిగువన, భౌతికశాస్త్ర చరిత్రలో నిలిచిపోయిన ఒక ప్రయోగం ఫలించింది. విశ్వకిరణాల తాకిడికి వాతావరణంలో పుట్టే న్యూట్రినో కణాల జాడను బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ, జపాన్‌లోని ఒసాకా, ఇంగ్లండులోని డర్హమ్ శాస్త్రవేత్తలు కలిసి అక్కడ పట్టుకోగలిగారు. పైనున్న రాతి పొర ఇతర కణాలను చాలావరకు అడ్డుకోవడం వల్లనే ఆ లోతు వారికి అవసరమైంది. ఆ ఫలితం అదే సంవత్సరం ‘ఫిజిక్స్ లెటర్స్’ అనే విదేశీ పత్రికలో వెలువడింది.

నేడు రాబర్ట్‌సన్‌పేటలో నివసించే ఒక బి.ఎస్‌సి. విద్యార్థిని, తన తాత పనిచేసిన గనిలో జరిగిన ఆ ప్రయోగం గురించి మూలవ్యాసమే చదవాలనుకుంటే ఏం జరుగుతుంది? చేతిలోని ఫోను వ్యాసం పేరును క్షణంలో చూపుతుంది. పూర్తి పాఠం కోరగానే డబ్బు చెల్లించమంటుంది. సమాచారం కనబడడం వేరు, అందడం వేరు. ఈ రెండింటి మధ్య దూరాన్ని తగ్గించడమే అంతర్జాల యుగంలో కళాశాల గ్రంథాలయం చేయవలసిన మొదటి పని.

చందాల సంగతి

విదేశీ పరిశోధన పత్రికల చందాలు ఒక చిన్న కళాశాల భరించగలిగినవి కావు. అందుకే అనేక సంస్థలు కలిసి చందా కట్టే పద్ధతి వచ్చింది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే ‘ఎన్-లిస్ట్’ పథకం సభ్యత్వం పొందిన కళాశాలలకు వేలాది ఎలక్ట్రానిక్ పత్రికలను, లక్షలాది పుస్తకాలను అందిస్తున్నది. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకాన్ని ఆమోదించి, మూడు సంవత్సరాలకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. 30 ప్రచురణ సంస్థలకు చెందిన సుమారు 13,000 పత్రికలు దీని పరిధిలోకి వచ్చాయి. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఉన్నత విద్యాసంస్థలకు, కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలకు ఇది వర్తిస్తుంది.

అయితే పథకం ఉన్నంత మాత్రాన వ్యాసం విద్యార్థి చేతికి రాదు. తన కళాశాల ఏ పథకంలో ఉన్నది, ఆ చందా ఏయే సంవత్సరాల సంచికలకు వర్తిస్తుంది, పాత సంచిక కావాలంటే మరొక గ్రంథాలయం నుంచి ప్రతి తెప్పించుకునే మార్గమేమిటి అన్న ప్రశ్నలకు సమాధానం ఫోనులో దొరకదు. 1965 నాటి వ్యాసం విషయంలో ఈ ప్రశ్నలన్నీ ఎదురవుతాయి. వాటికి సమాధానం చెప్పగలిగినవారు గ్రంథాలయాధికారి మాత్రమే. పుస్తకం తీసి ఇచ్చే పని తగ్గినా, దారి చూపే పని పెరిగింది.

రైలులోనూ తెరుచుకునే తలుపు

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తరువాత ఈ పట్టణపు జీవితం రైలు వేళలను అనుసరించి నడుస్తున్నది. మారికుప్పం నుంచి బంగారుపేట మీదుగా వేలాది మంది ప్రతిదినం బెంగళూరుకు వెళ్లి వస్తారు. వారిలో పని చేసుకుంటూ చదువుకునేవారూ ఉన్నారు. తెల్లవారకముందే ఇల్లు విడిచి, చీకటి పడ్డాక తిరిగి వచ్చే విద్యార్థికి, పది గంటలకు తెరిచి అయిదు గంటలకు మూసే గ్రంథాలయం ఉన్నా లేనట్టే.

దీనికి పరిష్కారం ఉన్నది. కళాశాల ఇచ్చే యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌లతో ఇంటి నుంచి గాని, ప్రయాణంలో గాని చందా పత్రికలను తెరిచే ఏర్పాటును ఇన్‌ఫ్లిబ్‌నెట్ ‘ఇన్‌ఫెడ్’ పేరుతో కల్పించింది. కళాశాల అందులో చేరాలి, చేరిన సంగతి విద్యార్థికి తెలియాలి, ప్రవేశం పొందిన మొదటి వారంలోనే లాగిన్ వివరాలు అందాలి. ఇంటిలో కంప్యూటర్ లేని విద్యార్థుల కోసం గ్రంథాలయంలో కొన్ని కంప్యూటర్లు, సాయంత్రం మరికొంత సమయం ఉండాలి. ఫోను తెర మీద నలభై పుటల వ్యాసం చదవడం ఎంత కష్టమో విద్యార్థులకే తెలుసు. పాఠకుని కాలాన్ని ఆదా చేయడం గ్రంథాలయ ధర్మమని ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే సూత్రీకరించారు. నేడు ఆ సూత్రానికి అర్థం, తలుపు పాఠకుని వద్దకే వెళ్లడం.

తెలుగు పుస్తకం తెలుగులో దొరకాలి

కోలారు జిల్లాలో కన్నడం, తెలుగు, తమిళం, ఉర్దూ ఇరుగుపొరుగున వినిపిస్తాయి. పుస్తకాల పట్టిక మాత్రం ఇంగ్లీషు అక్షరాలలోనే ఉంటే, తెలుగు పుస్తకం అరలో ఉండి కూడా దొరకదు. ఒకే రచయిత పేరును నలుగురు నాలుగు విధాలుగా రోమన్ లిపిలో రాస్తారు. వెతికేవారు అయిదవ విధంగా రాస్తారు.

దీనికి పెద్ద ఉదాహరణ ఉన్నది. నాటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసే బృహత్కార్యానికి నాయకత్వం వహించారు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఇందులో ప్రధాన భాగస్వామి. 2007 నాటికి ఆ లక్ష్యం దాటింది. వేలాది తెలుగు పుస్తకాలు ఆ విధంగా అంతర్జాలానికి ఎక్కాయి. కాని అనేక పుస్తకాల పేర్లు రోమన్ లిపిలో, తప్పులతో నమోదు కావడంతో వాటిని వెతికి పట్టుకోవడం పాఠకులకు శ్రమ అయింది. పుస్తకం స్కాన్ కావడంతో పని సగమే పూర్తవుతుంది. పేరు సరిగా నమోదైననాడే అది పాఠకునికి దక్కుతుంది.

ఉచితంగా లభించే ‘కోహా’ వంటి గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ యూనికోడ్ లిపులను స్వీకరిస్తుంది. కన్నడ, తెలుగు, తమిళ, ఉర్దూ పుస్తకాల పేర్లను వాటి లిపులలోనే నమోదు చేయవచ్చు. ఆ అక్షరాలు తెలిసిన విద్యార్థులే ఈ పనికి తోడుపడగలరు.

అంగడిలో దొరకని సంపద

విదేశీ పత్రికను ఏ కళాశాలయినా కొనవచ్చు. ఈ పట్టణానికి మాత్రమే చెందిన కాగితాలను ఎవరూ కొనలేరు. 1880లో జాన్ టేలర్ సంస్థ ప్రవేశంతో ఆరంభమైన నూట ఇరవై సంవత్సరాల గని జీవితం జీతపు చీటీలలో, కార్మిక సంఘాల కరపత్రాలలో, నాటక ప్రదర్శనల ప్రకటనలలో, పెళ్లి ఫోటోలలో ఉన్నది. అవి ఇళ్లలోని ఇనుప పెట్టెలలో చెదలకు లోబడుతున్నాయి. ఇల్లు మారినప్పుడల్లా కొన్ని పాత కాగితాల వ్యాపారికి చేరుతున్నాయి.

కళాశాల గ్రంథాలయం వీటిని స్కాన్ చేసి, మూలాలను కుటుంబాలకే తిరిగి ఇవ్వవచ్చు. ప్రతి కాగితం ఎవరిది, ఏ సంవత్సరానిది, ఏ భాషలోనిది అని రాసిపెట్టాలి. కుటుంబం అనుమతి లేనిదే దేనినీ అందరికీ చూపరాదు. స్కాన్ ప్రతులను కనీసం మూడు చోట్ల, వాటిలో ఒకటి వేరే ఊరిలో, భద్రపరచాలి. అచ్చు పుస్తకాల విషయంలో 1957 నాటి కాపీరైట్ చట్టాన్ని మరువరాదు. రచయిత మరణానంతరం 60 సంవత్సరాల వరకు హక్కులు వారసులకు ఉంటాయి. భద్రత కోసం ప్రతిని దాచుకోవడం వేరు, దానిని లోకమంతటికీ పంచడం వేరు.

ఛాంపియన్ రీఫ్‌లో న్యూట్రినోను పట్టిన శాస్త్రవేత్తల పేర్లు పరిశోధన పత్రికలో ఉన్నాయి. ఆ లోతు వరకు సొరంగం తవ్వినవారి పేర్లు జీతపు చీటీలలో ఉన్నాయి. మనుమరాలు ఈ రెండింటినీ ఒకే బల్ల మీద ఉంచుకుని చదవగలిగిన నాడు ఆ గ్రంథాలయం కొత్త యుగానికి తగినదైనట్టు.

చర్చించవలసిన ప్రశ్నలు

1. మీ పిల్లల కళాశాలకు ఎన్-లిస్ట్ లేదా ‘ఒకే దేశం, ఒకే చందా’ సదుపాయం ఉన్నదా? లాగిన్ వివరాలు వారికి అందాయా?
2. ఆ గ్రంథాలయపు పట్టికలో ఒక తెలుగు పుస్తకం పేరును తెలుగు లిపిలో వెతికితే దొరుకుతున్నదా?
3. మీ ఇంటిలో గని కాలపు కాగితాలు ఏవి ఉన్నాయి? వాటిలోని విషయాలను వివరించగల పెద్దలు ఎవరు?