అంగన్‌వాడీ ఉప్మా



చిన్నప్పుడు తిన్న తిండి పెద్దయ్యాక కూడా ఒంట్లో పనిచేస్తుందా? "నిన్న తిన్నది నిన్ననే అరిగిపోయింది" అంటాం మనం. హైదరాబాదు దగ్గరి పల్లెల్లో ఏం తేలిందో చూడండి.

1987 నుంచి 1990 వరకు జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 29 పల్లెల్లో ఒక పరిశీలన చేశారు. కొన్ని పల్లెల్లో అంగన్‌వాడీ పథకం ఉంది. అక్కడ గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు ఉప్మా పెట్టారు. మనం ఇంట్లో చేసే రవ్వ ఉప్మా కాదు. మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో, సోయా నూనెతో చేసింది. రుచి సంగతేమో గాని, బలమైన తిండి. పక్క పల్లెలకు ఆ పథకం ఇంకా రాలేదు. అక్కడి పిల్లలు ఇంట్లో ఉన్నదే తిన్నారు.

ఏళ్లు గడిచాయి. 2003, 2005 మధ్య ఆ పిల్లల్ని వెతికి మళ్లీ చూశారు. అప్పటికి వాళ్లకు 13 నుంచి 18 ఏళ్లు. ఉప్మా పెట్టిన పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవు పెరిగారు. అంటే బొటనవేలి గోరంత. ఇంతేనా అనిపిస్తుంది కదూ! అసలు తేడా పైకి కనిపించదు. వాళ్ల రక్తనాళాల్లో బిరుసు తక్కువ. నాళాలు బిరుసెక్కితే బి.పి., గుండెజబ్బు వస్తాయి. రక్తంలో చక్కెరను అదుపు చేసే ఇన్సులిన్ కూడా వాళ్ల ఒంట్లో మెరుగ్గా పనిచేస్తోంది. అది సరిగా పనిచేయకపోతే వచ్చేదే షుగరు జబ్బు.

ఎందుకిలా? తల్లి కడుపులోనూ, మొదటి రెండేళ్లలోనూ బిడ్డ ఒళ్లు త్వరత్వరగా తయారవుతుంది. తిండి చాలకపోతే ముందు మెదడును కాపాడుకుంటుంది. కండ, లోపలి అవయవాలు వెనకబడతాయి. షుగరు డబ్బున్నోళ్ల జబ్బు అనే మాట వట్టిది. ఆకలితో పెరిగిన ఒంటికీ అది వస్తుంది.

"కడుపుతో ఉన్నప్పుడు ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుంది" అని కొందరు పెద్దవాళ్లు కోడలికి అన్నం తగ్గిస్తారు. తల్లి తిండి తగ్గితే బిడ్డ రెండున్నర కిలోలు కూడా లేకుండా పుట్టవచ్చు. రక్తం లేని తల్లికే కాన్పులో ప్రాణాపాయం ఎక్కువ.

ఇప్పుడు అంగన్‌వాడీలో గర్భిణులకు గుడ్డు, పాలు ఇస్తున్నారు. పసిపిల్లలకు బాలామృతం పొట్లం ఇంటికే ఇస్తున్నారు. కొన్ని ఇళ్లలో ఆ పిండి అందరూ తినేస్తారు. ఒక్కోచోట గేదె కుడితిలో కూడా పడుతుంది. అది పిల్ల వాటా కదా!

మీ నోటు పుస్తకంలో రాయండి:
మీ వీధిలో ఆరేళ్లలోపు పిల్లలు ఎందరు?
అంగన్‌వాడీకి రానివాళ్లు ఎందరు? వాళ్లలో ఆడపిల్లలు ఎందరు?
నిన్న రాత్రి మీ ఇంట్లో అందరికన్నా చివర తిన్నది ఎవరు? ఏం మిగిలింది?