అవకలనం: చిక్కు ప్రమేయాల మెలకువలు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఎప్‌సెట్ అభ్యర్థులకు: ప్రశ్నలు 160, గణితం 80, నెగెటివ్ మార్కులు లేవు.

సంయుక్త ప్రమేయం: శృంఖల నియమం, బయటి నుంచి లోపలికి. లాగ్ (సైన్ ఎక్స్) అవకలజం కాట్ ఎక్స్.

ఆధారం, ఘాతం రెండూ చలరాశులైతే ముందు సంవర్గమానం. ఎక్స్ ఘాతం ఎక్స్ అవకలజం: (ఎక్స్ ఘాతం ఎక్స్) × (1 + లాగ్ ఎక్స్). అలాంటివి రెండు కూడితే మొత్తానికి లాగ్ తీయొద్దు. విడివిడిగా అవకలించి కలపాలి. ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే.

విలోమ త్రికోణమితి ప్రమేయంలో 1 + ఎక్స్ వర్గం కనిపిస్తే ఎక్స్ = టాన్ థీటా ప్రతిక్షేపించండి.

తప్పక చూడండి: సైన్ విలోమం [2ఎక్స్ / (1 + ఎక్స్ వర్గం)]. ఎక్స్ పరమమూల్యం 1 కంటే తక్కువైతే అవకలజం 2 / (1 + ఎక్స్ వర్గం). ఎక్కువైతే అదే విలువకు రుణ గుర్తు. ఆప్షన్లలో రెండూ ఉండొచ్చు, ఎక్స్ ఉన్న అంతరం చదివాకే గుర్తించండి.